చిట్టికి, బోర్డు చెక్కే ముందు

చిట్టీ,

నిన్న రాత్రి అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు, నీకు మొదటి ఆర్డరు వచ్చిందని. అదీ పూతరేకుల కొట్టుకి! ఎనిమిదడుగుల టేకు బోర్డు, చెక్కిన అక్షరాలు, వాటి మీద అసలు బంగారు రేకు. వింటూనే నాకు నిద్ర ఎగిరిపోయింది. సగం సంతోషం, సగం భయం. సంతోషం ఎందుకో నీకు తెలుసు. రాజమండ్రిలో మీ తాతయ్య బోర్డులు రాసిన ఆ రేకుల షెడ్డు, ఫ్లెక్సీలు వచ్చాక తాళం పడిన ఆ షెడ్డు, నీ చేత్తో మళ్ళీ తెరుచుకుంది. భయం ఎందుకంటే, ఆ కొట్టాయనకి ఇరవై రోజుల్లో ఇచ్చేస్తానన్నావట. ఎవర్ని అడిగి అన్నావే? నన్నొక్క మాట అడగకూడదూ?

సరే, అనేశావు. కోప్పడి ఏం లాభం. ఫోనులో చెబితే “సరే అత్తా, సరే అత్తా” అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. చదివాక దీన్ని బల్ల దగ్గర మేకుకి గుచ్చుకో. పని మధ్యలో చూసుకోవచ్చు.

ఇక్కడ మేమందరం బాగున్నాం. మసాచుసెట్స్‌లో చలి పోయింది, మా షాపులో పని మొదలైంది. సముద్రం పక్క ఊళ్ళు కదా, ఎండ రాగానే సత్రాలవాళ్ళకీ పడవలవాళ్ళకీ కొత్త బోర్డులు కావాలి. ఒకప్పుడు ఓడల మీద పేరు చెక్కి బిగించే పొడుగాటి పలకలుండేవి. నాన్‌టకెట్ దీవిలో ఇప్పుడు వాటినే ఇళ్ళ గుమ్మాల మీద పెట్టుకుంటారు. నల్లటి పలక, అందులోకి చెక్కిన అక్షరాలు, వాటిలో బంగారం. అలాంటివి రెండు ఇప్పుడు నా బల్ల మీద ఉన్నాయి. చేతికి తారు రంగు అంటుకుని వుంది, క్షమించు, ఈ మరక అదే.

నేను ఈ షాపులో చేరింది చెక్కడానికి కాదు, నీకు తెలుసుగా. ఎమరీ కాగితంతో పలకలు రుద్దడానికి తీసుకున్నారు. ఒక సాయంత్రం మా ఓనరు ఒక చిన్న పుస్తకం తెరిచి, పుటల మధ్య నుంచి కుంచెతో బంగారు రేకుని పైకి లేపాడు. ఊపిరి వదిలితే ముడుచుకుపోతుంది, వేలు తగిలితే కనపడకుండా పోతుంది. నాకు వెంటనే ఆత్రేయపురంలో కుండ మీద నుంచి లేపుతున్న పూతరేకు గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి నాకు ఆ పుస్తకం అంటే భయం పోయింది. అంత పల్చటిదాన్ని పట్టుకోవడం మనవాళ్ళకు వచ్చు, నాకూ వస్తుంది అనిపించింది. ఇప్పుడు నీ మొదటి బోర్డే పూతరేకులదని విని ఎంత మురిసిపోయానో ఎలా చెప్పను.

ముందుగా నీకో మాట. ఆ బోర్డు మీద పూతరేకుల ఫొటో పెడదామని కొట్టాయన అంటున్నాడట. పెట్టకు. బోస్టన్‌లో గవర్నమెంట్ సెంటర్ దగ్గర ఒక పెద్ద టీ కెటిల్‌ని వేలాడదీశారు. రాగితో చేసి బంగారు రేకు వేసినది. ఒకప్పుడు ఒక టీ కంపెనీ తన కొట్టు ముందు గుర్తుగా పెట్టించింది, ముక్కులోంచి ఆవిరి వచ్చేలా అమర్చింది. అందులో ఎన్ని నీళ్ళు పడతాయో చెప్పమని ఊరందరికీ పందెం పెట్టి, 1875 జనవరి 1న జనం ముందు కొలిచారు. 227 గ్యాలన్లు, రెండు క్వార్టులు, ఒక పింటు, మూడు గిల్లులు. మన లెక్కలో 860 లీటర్ల పైమాటే. ఆ లెక్కని దాని ఒంటి మీదే రాయించారు. కంపెనీ ఎప్పుడో పోయింది. కెటిల్‌ని మాత్రం ఊరు పోనివ్వలేదు. నాలుగు రోజులకి వెలిసిపోయే ఫొటోని ఏ ఊరు అలా దాచుకుంటుంది?

చదువు రానివాళ్ళు కూడా గుర్తుపట్టాలని పాతకాలంలో ఇక్కడ చెప్పుల కొట్టు ముందు బూటు, మందుల కొట్టు ముందు కల్వం, తాళాలవాడి ముందు నిలువెత్తు తాళంచెవి చెక్కి పెట్టేవాళ్ళు. నీ కొట్టాయనకీ అలాంటి గుర్తు చేతిలోనే ఉంది. బోర్లించిన కుండ. కింద మంట, పైన పల్చటి పిండినీళ్ళలో ముంచిన గుడ్డని ఒక్క ఊపులో లాగితే రేకు వస్తుందే, ఆ కుండ. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఇప్పుడు దారిపొడుగునా ప్రతి బండి మీదా ఆ పేరే ఉంటుంది. కుండ మాత్రం ఎవరూ పెట్టి ఉండరు. బోర్డు నడినెత్తిన సగం బయటికి పొడుచుకొచ్చేలా కుండ చెక్కు. వేరే చెక్కముక్కలో చెక్కి తర్వాత బిగించు, అదే పలకలో తవ్వాలని చూడకు, టేకు దండగ. కుండకి బంగారం వెయ్యకు. మసి నలుపు వెయ్యి, మీద ఒక రేకు లేస్తున్నట్టు అంచు తీసి, ఆ రేకుకి మాత్రం వెయ్యి. అన్నిటికీ బంగారం వేస్తే కన్ను ఎక్కడ నిలవాలో దానికి తెలీదు.

ఇక అక్షరాలు. నీతో ఎక్కువసేపు మాట్లాడాల్సింది వీటి గురించే.

కంప్యూటర్లో ఒక ఫాంటు తీసుకుని మెషిన్‌కి ఇచ్చి కోయించేద్దామనుకుంటున్నావట. అన్నయ్య చెప్పాడు. నాకు గుండెలో కలుక్కుమంది చిట్టీ. మెషిన్ వద్దు అనే మొండిదాన్ని కాను. మా షాపులోనూ ఉంది. ముతకగా తవ్వాల్సింది దానిచేతే తవ్విస్తాం, మోచేతులు మిగులుతాయి. కానీ అక్షరం ఎక్కడినుంచి వస్తోంది అన్నది నువ్వు వదిలిపెట్టకూడదు. ఆ ఫాంట్లు కాగితం కోసం, తెర కోసం చేసినవి. చెక్కలోకి దిగే అక్షరం వేరు.

ఎందుకో చెప్తాను, విసుక్కోకుండా విను. మనం తవ్వే గాడి ఇంగ్లీషు వి ఆకారంలో ఉంటుంది. రెండు గోడలు కిందికి వెళ్ళి ఒక గీత మీద కలుస్తాయి. కోణం మారదు కాబట్టి, గీత వెడల్పు పెరిగిన కొద్దీ లోతూ పెరుగుతుంది. 90 డిగ్రీల కోణంలో తవ్వితే అంగుళం వెడల్పు గీతకి అరంగుళం లోతు. 60 డిగ్రీలైతే ముప్పావు కన్నా ఎక్కువే దిగిపోతుంది. అంటే అక్షరంలో లావు సన్నం మారిన చోటల్లా లోతూ మారుతుంది, నీడా మారుతుంది. ఇక్కడి రోమన్ అక్షరాలకి నిలువు గీతలు, అడ్డగీతలు ఎక్కువ. వాళ్ళ పాత చెక్కుడు పనివాళ్ళు ఆ గీతల లావు సన్నాలను తరాల తరబడి దిద్దుకున్నారు. ఇక్కడి సేలంలో శామ్యూల్ మాకింటైర్ అని ఉండేవాడు, 1811లో పోయాడు, ఇళ్ళు కట్టిన చేత్తోనే డేగలు చెక్కాడు. అలాంటివాళ్ళ చేతిపని చూసి నేర్చుకునే అదృష్టం ఇక్కడివాళ్ళకుంది.

మనకి శిలాశాసనాలున్నాయి, కడప జిల్లా కలమళ్ళ శాసనం 575 నాటిదంటారు. కానీ ఆ అక్షరాల రూపం వేరు. ఇవాళ్టి మన గుండ్రటి అక్షరాన్ని కొట్టు బోర్డు మీద లోతుగా తవ్వి బంగారం వేసే పద్ధతి ఇదీ అని నీకు ఎవరూ రాసిపెట్టలేదు. నువ్వే వెతుక్కోవాలి. అందుకే ముందు పెన్సిలు పట్టుకో అంటున్నాను.

మీ తాతయ్య ఎలా రాసేవారో నీకు గుర్తుందా? నువ్వు చాలా చిన్నదానివి. సుద్ద పూసిన దారాన్ని రెండు వైపులా లాగిపట్టి మధ్యలో టప్‌మని వదిలేవారు. రెండు గీతలు పడేవి. ఇక స్కేలు లేదు, నమూనా లేదు. బ్రష్షు ఎత్తకుండా ‘క’ మొత్తం తిప్పేసేవారు. నేను పక్కన కూర్చుని నేలమీద సుద్దతో దిద్దేదాన్ని. “కడుపు మూసెయ్యకే, దానికి గాలాడాలి” అనేవారు. ఆ మాట చెక్క దగ్గర ఎంత నిజమో నాకు ఇక్కడికొచ్చాక తెలిసింది. ‘ర’ పక్కన సున్నా చెక్కేటప్పుడు లోపల మిగిలే ఆ చిన్న గుండ్రటి ముక్క ఉంటుందే, దాని కింద చెక్కనార పొట్టిగా తెగిపోయి ఉంటుంది. ఉలి కొంచెం బలంగా తగిలిందా, చటుక్కున లేచిపోతుంది. కాబట్టి సున్నాని కాగితం మీద కన్నా పెద్దదిగా, కడుపు విశాలంగా గియ్యి. లోపలి గోడ తవ్వేటప్పుడు సుత్తి పక్కన పెట్టెయ్యి, చేతి బలం చాలు.

గుండ్రాలన్నిటికీ ఇంకో చిక్కుంది. పలకలో నార ఒకే దిక్కుగా పోతుంది, నీ గీత మాత్రం చుట్టూ తిరుగుతుంది. సున్నాని నాలుగు భాగాలుగా అనుకుంటే, గీత ఒకే వైపున ఉలి రెండు భాగాల్లో నార వెంట సాఫీగా జారుతుంది, మిగతా రెండింటిలో నారకి ఎదురెళ్ళి చెక్కని చీలుస్తుంది. చీలుతోందని అనిపించగానే ఆపి, అవతలి వైపునుంచి రావాలి. అందుకే రెండు చేతులతోనూ ఉలి పట్టడం నేర్చుకోమన్నాను పోయిన ఏడాది. నేర్చుకున్నావా? నేర్చుకుని ఉండవు. పాత టేకు చెక్క మీద వారం రోజులు వరసగా ఒక్క సున్నాలే చెక్కు. విసుగొస్తుంది, తెలుసు. అయినా చెక్కు తల్లీ, నామీద కోపంతోనైనా చెక్కు.

బాపు గారి అక్షరాలంటే నీకు ప్రాణం. నాకూ ప్రాణమే. వాటి అందమంతా కలం పోటులో, సన్నబడి మాయమయ్యే ఆ కొసల్లో ఉంది. ఆ కొసలు చెక్కలో లోతు లేకుండా తేలిపోతాయి, పది అడుగుల దూరాన కనపడవు. తలకట్లు మరీ సన్నగా ఉంటే ‘త’ ఏదో తెలీదు. కొసలు కూడా లావు ఉండాలి, కానీ మొద్దుగా ఉండకూడదు. బ్రష్షుతో రాస్తే ఆ లావు దానంతట అదే వస్తుంది. తాతయ్య చదునైన బ్రష్షు ఒకటి షెడ్డులో అటక మీద డబ్బాలో ఉండాలి. దానితో నల్ల ఇంకులో, బోర్డు అంత కాగితం మీద, అసలు కొలతకి ‘ఆత్రేయపురం పూతరేకులు’ అని రాయి. ఒకటి కాదు, గోడ నిండేదాకా రాయి. అందులోంచి ఒకదాన్ని ఎంచుకుని పెన్సిలుతో దిద్దు.

‘త్రే’ దగ్గర ఆగు. కింద రావత్తు, పైన ఏత్వం. ఇక్కడి బోర్డులవాళ్ళకి ఒక లెక్కుంది, పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం ఉంటే బాగా కనపడుతుందని. వాళ్ళ అక్షరానికి పైనా కిందా బరువు తక్కువ కాబట్టి ఆ లెక్క సరిపోతుంది. మనం మాత్రం వత్తులూ గుణింతాలూ తీసేసి, నడుమ ఉన్న అక్షరం ఒంటిని కొలవాలి. లేకపోతే తొమ్మిది అంగుళాలని మురిసిపోతావు, చదివేవాడికి కనపడేది అయిదే. వత్తు కోసం పలక కింద చోటు ధారాళంగా వదులు. వత్తుని అంచుకి ఆనించి ఇరికిస్తే ఎంత బంగారం పోసినా బోర్డు బీదగా కనపడుతుంది.

ఇంకొకటి, చెక్కేముందు ఆ కాగితం మీద కొట్టాయన చేత సంతకం పెట్టించుకో. ‘ఆత్రేయ’ కి దీర్ఘం ఉందా లేదా, ‘పూత’ పొడుగా పొట్టా, ఆయన చేత గట్టిగా చదివించు. ఫ్లెక్సీ అయితే ఇంకోటి కొట్టిస్తారు. తవ్విన చెక్కని పూడ్చలేవు.

ఇప్పుడు బంగారం సంగతి. మీ అమ్మ భయపడుతోందట, ఇంత ధరలో బంగారం ఏమిటీ, దొంగలు గీక్కుపోతారేమో అని. వదినకి చెప్పు, నేను పంపే పుస్తకంలో ఇరవై అయిదు రేకులుంటాయి, ఒక్కోటి మూడు అంగుళాల మీద కొంచెం. ఇరవై అయిదూ కలిపినా అర గ్రాము బంగారం ఉండదు. అంత పల్చగా సాగగొడతారు. ఒక పుస్తకం లెక్కప్రకారం రెండు చదరపుటడుగులకి వస్తుంది, అతుకులూ వృథా పోగా ఒకటిన్నర అనుకో. కానీ జాగ్రత్త, చెక్కిన అక్షరానికి రెండు గోడలున్నాయి. 60 డిగ్రీల గాడికి పైన కనపడే వెడల్పుకి రెండింతల బంగారం పడుతుంది, 90 డిగ్రీలకి దాదాపు ఒకటిన్నర రెట్లు. నీ బోర్డుకి 90 చాలు. లోతు మరీ ఎక్కువైతే మన ఎండలో గాడి నిండా నీడే ఉంటుంది, బంగారం లోపలే చీకట్లో కూర్చుంటుంది.

బజార్లో బంగారు రేకు పేరుతో ఇత్తడి రేకు అమ్ముతారు. చూడ్డానికి ఒకేలా ఉంటుంది. బయట వానకి నల్లబడిపోతుంది. డబ్బాల్లో వచ్చే గోల్డు పెయింటు కూడా అంతే. బయట పెట్టే బోర్డుకి 23 క్యారెట్ల రేకు తప్ప ఇంకోటి ముట్టుకోకు. మసాచుసెట్స్ స్టేట్ హౌస్ గుమ్మటం సంగతి చెప్తాను. 1802లో రాగి తొడిగారు, 1874లో బంగారు రేకు వేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో మెరుపు కనపడకూడదని రంగు పూసి కప్పేశారు. యుద్ధమైపోయాక మళ్ళీ బంగారం. ఆఖరుసారి 1997లో 23 క్యారెట్ల రేకు వేశారు. ఇక్కడి మంచులో, ఉప్పుగాలిలో అది ఇప్పటికీ ఎలా వెలుగుతుందో నువ్వొచ్చినప్పుడు చూపిస్తాను.

అయితే బంగారం ఎంత మంచిదైనా కింద ఉన్నదాన్ని బట్టే నిలుస్తుంది. టేకులో నూనె ఉంటుంది, రంగుని పట్టుకోనివ్వదు. ప్రైమరు వేసేముందు థిన్నరు గుడ్డతో తుడువు, వెంటనే ప్రైమరు వెయ్యి. తర్వాత రుద్దు, ఎనామిల్ రెండు పూతలు వెయ్యి, ప్రతి పూతా పూర్తిగా ఆరనియ్యి. బంగారం పడే గాడిలో పసుపు ఎనామిల్ వెయ్యి, ఎక్కడైనా సన్నటి చీలిక మిగిలినా కంటికి ఆనదు. పలక వెనకవైపు, కోసిన కొసలు, మేకులకి తొలిచిన కన్నాలు, అన్నీ పూత తాగాలి. నీళ్ళు ముందునుంచి రావు, కోసిన కొసల్లోంచి తాగుతుంది చెక్క. ఈ పని ఎవరికీ కనపడదు. అందుకే అందరూ ఎగ్గొడతారు. నువ్వు ఎగ్గొట్టావని నాకు తెలిస్తే మాట్లాడను.

పూత నిజంగా ఆరిందో లేదో చూసుకున్నాక, అక్షరాల చుట్టూ ఉన్న నేలరంగు మీదంతా పౌడరు పల్చగా అద్ది దులిపెయ్యి. లేకపోతే బంగారం అక్షరం వదిలి పక్కన కూడా అంటుకుంటుంది. అప్పుడు గాడిలో సైజు రాయి. అదే, బంగారాన్ని పట్టుకునే నూనె జిగురు. ఇందులో మూడు గంటలకి సిద్ధమయ్యేది ఉంది, పన్నెండు గంటలకి సిద్ధమయ్యేది ఉంది. నీకు పన్నెండుది పంపుతున్నాను. నిదానంగా ఆరేదే నునుపుగా పరుచుకుంటుంది, బంగారం ఎక్కువ మెరుస్తుంది, నీకు తొందర లేకుండా వేసుకునే టైమూ దొరుకుతుంది. దానిలో చిటికెడు పసుపు రంగు కలుపుకో, ఎక్కడ రాశావో ఎక్కడ వదిలావో తెలుస్తుంది. గాడి అడుగున గుంటగా నిలవనివ్వకు. అక్కడ నిలిస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉంటుంది, తర్వాత ముడతలు పడుతుంది.

డబ్బా మీద గంటలు రాసుంటాయి. అవి ఇక్కడి గదుల్లో లెక్క. రోహిణి కార్తె ఎండలో ఒకలా ఉంటుంది, తొలకరి పడ్డాక ఇంకోలా ఉంటుంది. పక్కన ఒక చెక్కముక్క మీద కూడా అదే సమయానికి రాసి పెట్టుకో. వేలి మెటిక వెనకవైపు దానికి తాకించి తియ్యి. అంటుకుంటే ఇంకా పచ్చి. తడి లేకుండా, లాగినప్పుడు చిన్నగా కిర్రుమందా, అదీ వేళ. అర్ధరాత్రయినా సరే లేచి వెయ్యాలి. ఫ్యాను ఆపు. తలుపు మూసి, నేలమీద నీళ్ళు చల్లి దుమ్ము అణచు. చెమటకి తట్టుకోలేవు, తెలుసు. అయినా ఫ్యాను ముట్టుకోవద్దు. కుంచెని చెంపకి ఒకసారి రాసుకుంటే ఆ కొంచెం జిడ్డుకే రేకు పట్టుకుంటుంది. గాడి కంటే పెద్ద ముక్క వదులు, లోపలికి కూరుకోనియ్యి, మెత్తటి కుంచెతో తడుతూ అడుగుదాకా పంపు. చినిగితే ఏడవకు. చినిగిన చోట ఇంకో ముక్క వెయ్యి, అతుకు కనపడదు.

వేశాక, చిట్టీ, దాని మీద ఏమీ పుయ్యకు. వార్నీషు అసలే వద్దు. ఈ మాట మాత్రం నేను పడ్డ దెబ్బ మీద చెప్తున్నాను. ఒకసారి ఒక పుస్తకాల కొట్టు బోర్డుకి ఎవరూ అడక్కుండానే, ఇంకా గట్టిగా ఉంటుందని, బంగారం మీద వార్నీషు వేశాను. నా చేతి మొదటి పెద్ద బోర్డు అది, దాచుకుందామన్న ఆశ. బంగారానికి ఎండ ఏమీ చెయ్యదు. వార్నీషుని తినేస్తుంది. అది పచ్చబడి, పొట్టు లేచి, రాలుతూ బంగారాన్ని కూడా ఊడబెరుక్కుపోయింది. ఆ కొట్టావిడ ఒక్క మాట అనలేదు. బోర్డు దింపి తెచ్చి ఇచ్చింది, అంతే. అక్షరం అక్షరం గీకి మళ్ళీ మొదటినుంచి వేశాను. నువ్వు ఆ బాధ పడకూడదు.

నేలరంగుకి కొట్టాయన ఎరుపో పసుపో అడుగుతాడు, చూస్తూ ఉండు. పసుపు మీద బంగారం చచ్చిపోతుంది. బంగారం ఒక వైపునుంచి చూస్తే మెరుస్తుంది, ఇంకో వైపునుంచి చూస్తే నల్లగా కనపడుతుంది, కాబట్టి కింద నేల ముదురుగా, నిలకడగా ఉండాలి. నలుపు, సీసాపచ్చ, ముదురు కుంకుమరంగు. ఎరుపే కావాలని పట్టుబడితే ఆ కుంకుమరంగుకి ఒప్పించు. చిన్న ముక్క మీద ఒక్క ‘పూ’ చెక్కి బంగారం వేసి తీసుకెళ్ళి ఎండలో పెట్టి చూపించు. మాటలకన్నా అదే ఒప్పిస్తుంది.

డబ్బు సంగతి. తెలిసినవాళ్ళని సగం ధరకి ఒప్పుకున్నావట. ఎందుకమ్మా అలా? కర్ర, బంగారం, సైజు, రంగులు, నీ రోజులు, వేరువేరుగా కాగితం మీద రాసి ఇవ్వు. సగం ముందు తీసుకో. మీ తాతయ్యకి అడగడం రాలేదు. ఊళ్ళో సగం కొట్లకి బాకీ మీద రాశారు, చాలామంది ఇవ్వలేదు. మా అమ్మ పాలవాడికి ఏం చెప్పేదో నేను విన్నాను. అందుకే ఈ విషయంలో నేను కఠినంగా ఉంటాను. నువ్వు మంచిదానివి, ఆ మంచితనాన్ని నీ అన్నంలోంచి తీసి పెట్టకు.

ఇంకా ఒకటి, ఇది చదివి నవ్వకు. మెషిన్ దగ్గరా డ్రిల్లు దగ్గరా చున్నీ వేసుకుని నిలబడ్డ ఫొటో పంపావు నాకు. నా ప్రాణం పోయింది. చున్నీ తీసెయ్యి, జడ ముడి పెట్టు, మూతికి మాస్కు కట్టు. టేకు దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి. పలకని బల్లకి బిగించాకే ఉలి పట్టు. రెండు చేతులూ ఉలి మొనకి వెనకే ఉండాలి, ఎప్పుడూ. మొద్దు ఉలే చేతులు కోస్తుంది. రోజూ పొద్దున్నే సానపెట్టుకో.

ఇక ఇరవై రోజుల మాట. వెళ్ళి ఇంకో నెల అడుగు. సిగ్గుపడకు. “పూత ఆరాలండీ, ఆరకుండా వేస్తే ఊడుతుంది” అని ఉన్నది ఉన్నట్టు చెప్పు. పూతరేకులు చేయించే మనిషికి, కుండ కాగకముందు రేకు తియ్యకూడదని ఒకరు చెప్పక్కర్లేదు. అర్థం చేసుకుంటాడు. చేసుకోకపోతే అడ్వాన్సు తిరిగిచ్చెయ్యి, నేను చూసుకుంటాను.

వచ్చే నెల ఇండియా వస్తున్న స్నేహితురాలి చేతికి రేకు పుస్తకాలు, ఒక చిన్న డబ్బా సైజు, రేకు లేపే వెడల్పు కుంచె, రెండు గుండ్రటి ఉలులు ఇస్తున్నాను. పాత ఉలులు, పిడి కొంచెం అరిగింది, మొన బాగుంది. రేకు పుస్తకాలు పొడిచోట దాచు. వదినకి పచ్చడి జాడీలు తీసిపెట్టమని చెప్పు, నా స్నేహితురాలు తిరుగు ప్రయాణంలో తెస్తుంది.

ఈలోగా నువ్వు నాకు పంపాల్సినవి ఉన్నాయి. ఆ కొట్టు ఏ ముఖంగా ఉందో, ముందు రేకు పందిరి ఎంత బయటికొచ్చిందో రాయి. పందిరి నీడ రోజంతా బోర్డు మీద పడేటట్టయితే తవ్విన అక్షరం వద్దు, పైకి ఉబ్బిన అక్షరం చేద్దాం, దానికి కొలతలు వేరే. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టాక ఒకసారి ఎదురుగా నిలబడి ఫొటో తియ్యి. రోడ్డు వెడల్పు అడుగులేసి కొలువు. అవతల కాలువగట్టు మీద బస్సు దిగేవాళ్ళకి కూడా కనపడాలంటే ‘పూ’ ఎత్తు ఎంత ఉండాలో అప్పుడు ఇద్దరం కలిసి తేలుద్దాం. అందాకా టేకు పలక మీద ఒక్క గీత కూడా గియ్యకు.

నీ అత్త